బెజవాడలో మన జీతానికి అందే అద్దిల్లు

తొమ్మిదేళ్ళలో ఐదు ఇళ్ళు మారాం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు రాస్తాను. ఇంట్లో అమ్మ, నేను, మా నాన్న కొన్న ఇనప బీరువా. ఆ బీరువా ఏ మెట్ల మీదుగా ఎక్కుతుందో, ఏ మలుపులో ఇరుక్కుంటుందో నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. మొన్న మా కొట్లో కొత్తగా చేరిన కుర్రాడు "అక్కా, పదివేల లోపు ఇల్లుంటే చూసిపెట్టవా" అన్నాడు. చూసిపెట్టే తీరిక లేదు గానీ, టీ తాగుతూ వాడికి చెప్పిందంతా కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

బోర్డు మీద ఉండేది అద్దె కాదు

ఇల్లు వెతకబోయే ముందు పది రూపాయల రఫ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. చూసిన ప్రతి ఇంటికీ ఒక పేజీ. పేజీలో ఐదు వరసలు: అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, నీళ్ళు, రాకపోకలు. కింద మొత్తం. ఆ మొత్తమే మీ అద్దె. టు-లెట్ బోర్డు మీదది దాంట్లో ఒక వరస, అంతే.

2025 జూన్‌లో నేను వెతికినప్పటి రెండు పేజీలు ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటిది ప్రసాదంపాడులో డాబా ఇంటి మేడమీద పోర్షన్. అద్దె 8,500. మోటారు ఖర్చని నెలకి 300. కరెంటు సబ్ మీటరు (ఇంటాయన మీటరు కిందే మన పోర్షన్‌కి పెట్టే చిన్న మీటరు), యూనిట్ 10 రూపాయలు. మాకు నెలకి 150 యూనిట్లు కాలుతుంది కాబట్టి 1,500. కొట్టుకి రావాలంటే రామవరప్పాడు రింగులో ఆటో మారాలి, రానూపోనూ 60 రూపాయలు, 26 రోజులకి 1,560. మొత్తం 11,860.

రెండోది కానూరులో గ్రూప్ హౌస్, రెండో అంతస్తు. బేరమాడాక అద్దె 9,500. మెయింటెనెన్స్ 800, నీళ్ళు అందులోనే. కరెంటు సొంత మీటరు, మా వాడకానికి 750 దాకా వస్తుంది. ఆటో రోజుకి 30 చొప్పున 780. మొత్తం 11,830.

వెయ్యి రూపాయలు చవకనుకున్న ఇల్లు ముప్ఫై రూపాయలు ఎక్కువ తేలింది. పైగా రెండోదానికి లిఫ్ట్ ఉంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇంకేముంది, కానూరే.

నేను దిగిన నెలకే, ఆగస్టు 15న, ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిస్తారు. బందరు రోడ్డు మీద బస్సులకి కరువు లేదు కాబట్టి నా పేజీలో రాకపోకల వరస ఇప్పుడు ఖాళీ. ఆడపిల్లలైతే ఇల్లు చూసేటప్పుడు బస్‌స్టాపుకి ఎన్ని నిమిషాల నడకో ఆ వరసలోనే రాసుకోండి. లోపలి సందుల్లో 500 తక్కువకి దొరికే ఇంటికంటే రోడ్డుకి దగ్గరి ఇల్లే చవక పడొచ్చు.

సబ్ మీటరు లెక్క

దీనిమీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఏమీ అనుకోకండి. మనకి ఎక్కువగా చిల్లు పడేది ఇక్కడే.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకి 2022 టారిఫ్ శ్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకి 1.90 చొప్పున, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అది దాటితే 9.75. 150 యూనిట్లు కాల్చితే 57, 135, 225, 150 కలిపి 567 రూపాయలు. దీనిమీద ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు వగైరా పడి మా బిల్లు 750 దగ్గర తేలుతుంది. అదే 150 యూనిట్లకి సబ్ మీటరు ఇంట్లో 1,500.

ఇంటాయన మిగతాదంతా మింగేస్తున్నాడని నేనూ మొదట్లో తిట్టుకున్నాను. పూర్తిగా అలా కాదు. ఒకే సర్వీసు మీద మూడు పోర్షన్లుంటే, ముగ్గురూ 150 చొప్పున కాల్చినా ఆయన మీటరు 450 చూపిస్తుంది. శ్లాబు పైకి పోతుంది. వేసి చూడండి, 3,036 వస్తుంది. ముగ్గురికీ విడి మీటర్లుంటే 1,701తో పోయేది. అంటే సగం నష్టం మీటరు వల్ల, మిగతాది యూనిట్‌కి పది అనడం వల్ల. కాబట్టి బేరం ఇలా మొదలుపెట్టండి: "అండీ, ప్రతి నెలా బిల్లు చూపించండి, యూనిట్లనిబట్టి ముగ్గురం పంచుకుంటాం." కాగితం మీద లెక్క వేసి చూపిస్తే పది కాస్తా ఎనిమిదికి దిగిన సందర్భం నాకుంది. దిగకపోతే పేజీలో పదే వేసుకోండి. ఇల్లు నచ్చిందని లెక్క తగ్గించి రాసుకోకూడదు.

ఎప్పుడు వెతకాలి

మే నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా ఈ ఊళ్ళో ఇల్లు వెతక్కండి, తప్పకపోతే తప్ప. కాలేజీలు తెరిచే రోజులు. పిల్లాణ్ణి ఇంటర్‌లో చేర్పించి, వండిపెట్టడానికి తల్లి కూడా వచ్చేసే కుటుంబాలు గుణదల, ఎనికెపాడు, నిడమానూరు, పోరంకి వైపు వాలిపోతాయి. అడిగినంతా ఇచ్చి పోతారు.

దాని తర్వాత వచ్చేదే మన కాలం: జ్యేష్ఠం ఆఖరి వారం. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించరు. అమావాస్య లోపు ఎవరూ రాకపోతే ఇంటివాళ్ళకి శ్రావణం దాకా తాళమే. నెల అద్దె గాలికి పోతుంది. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. కానూరు ఇంటికి మొదట 10,500 అన్నారు. అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా వెళ్ళి "ఎల్లుండి పాలు పొంగించుకుంటాం, సామాను నెమ్మదిగా తెచ్చుకుంటాం, అద్దె మాత్రం ఒకటో తారీకు నుంచి ఇచ్చేస్తాం" అన్నాను. ఇంటావిడ ఆయన వైపు చూసింది. ఆయన క్యాలెండరు వైపు చూశాడు. 9,500. గిన్నె, అర లీటరు పాలు, ఒక చిన్న గ్యాస్ స్టవ్వు పట్టుకుని వెళ్ళి పొంగించి వచ్చాం. బీరువా ఆషాఢంలో వచ్చింది. దానికి పట్టింపులు లేవు.

ముహూర్తాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దక్షిణం గుమ్మం ఇల్లంటే చాలామంది బోర్డు చూసి వెనక్కి తిరిగిపోతారు. అందుకే అవి ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటాయి, అద్దె తగ్గుతుంది. మా గుమ్మం దక్షిణమే. ఎండాకాలం సాయంత్రం పైరగాలి సూటిగా హాల్లోకి వస్తుంది. వాస్తు ఏమంటుందో నాకు తెలీదు గానీ, అమ్మ గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకుంటోంది.

ఎవర్ని అడగాలి

ఫోన్లో ఫొటోలు చూసి ధరలు తెలుసుకోవచ్చు, ఏ పేటలో ఎంత పలుకుతోందో అంచనా వస్తుంది. అంతకుమించి నమ్మకండి. "మిలిటరీలో చేస్తాను, ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు చూపించడానికి గేట్ పాస్ కోసం ముందు కొంచెం వేయండి" అని క్యూఆర్ కోడ్ పంపేవాడు ఎవడైనా సరే, దొంగే. డబ్బులు తీసుకోవడానికి క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని లేదు, అది డబ్బులు పంపడానికి. పొరపాటున పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ దొరకదు.

చవక ఇళ్ళు ఫోన్లోకి ఎక్కవు. గేటుకి అట్టముక్క కట్టేలోపే పోతాయి. వాటి సంగతి ముందు తెలిసేది వాటర్ టిన్నులేసే కుర్రాడికి. "అన్నా, వచ్చే నెల నుంచి మాకు వద్దు, ఖాళీ చేస్తున్నాం" అని అతనికే ముందు చెప్తారు కదా. తర్వాత ఇస్త్రీ బండాయన, ఆ తర్వాత వాచ్‌మన్ భార్య. నా మూడో ఇల్లు, ఇప్పటి ఇల్లు రెండూ టిన్నుల కుర్రాళ్ళు చెప్పినవే. ఇల్లు కుదిరాక చేతిలో రెండు మూడొందలు పెట్టాను, బ్రోకరుకిచ్చే నెల అద్దెతో పోలిస్తే అదెంత.

బ్రోకర్లు అసలొద్దని అనను. కొత్త ఊరు, సెలవు రెండ్రోజులే అయితే వాళ్ళే దిక్కు. సగం నెల అద్దెకి ఒప్పించుకోండి, అదీ తాళం చెవి చేతికొచ్చాకే. చూపించడానికే డబ్బులడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

పేటల సంగతి. ఆటోనగర్‌లో పనిచేసేవాళ్ళకి పటమట దగ్గరే, కానీ అద్దెలు మనకి అందవు. కానూరు, తాడిగడప, యనమలకుదురు, పోరంకి వైపు చూడండి. వన్‌టౌన్‌లో పనైతే విద్యాధరపురం, భవానీపురం, గొల్లపూడి. కార్పొరేషన్ హద్దు దాటిన చోట కుళాయి నీళ్ళు వస్తాయా, బోరేనా అన్నది విడిగా అడగాలి. మాది బోరే. బకెట్లు తెల్లగా చారలు కడతాయి, తాగడానికి టిన్నులే. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ, వీటి గట్ల దగ్గర ఇళ్ళు కాస్త తక్కువకి దొరుకుతాయి. దోమతెర ఖర్చు రాసుకోండి. కొండల మీద ఇళ్ళు ఇంకా చవక. మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న కొండచరియలు ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. ఇంటి వెనక కొండని తొలిచి నిలువుగా వదిలేసి ఉంటే ఎంత చవకైనా నేను ఎక్కను.

నీళ్ళు ఏ అర దాకా

నా నాలుగో ఇల్లు పాయకాపురంలో, కింద పోర్షన్, 6,500. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట అన్నీ మునిగిపోయాయి. మేం మేడమీదవాళ్ళింట్లో ఉన్నాం. బీరువా కింది అరలో అమ్మ పట్టుచీరలు రెండు, నా సర్టిఫికెట్లు. ఆ బీరువా అడుగున తుప్పు ఇప్పటికీ ఉంది, రంగు వేయించలేదు.

నష్టపరిహారం ప్రకటించినప్పుడు ప్రభుత్వం కూడా కింద ఇళ్ళకి 25 వేలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవాళ్ళకి 10 వేలు అంది. కింద ఇంటికీ మేడమీద ఇంటికీ అద్దెలో తేడా అప్పట్లో మాకు 700.

ఇప్పుడు ఆ పేటల్లో చాలా ఇళ్ళకి కొత్త రంగులు పడ్డాయి. లోపల చూస్తే ఏమీ తెలీదు. నేను చూసే చోట్లు వేరే. పక్క సందులోకి వెళ్ళి వెనక గోడ చూస్తాను, అక్కడ ఎవరూ రంగు వేయించరు; మట్టిచార గీత గీసినట్టు ఉంటుంది. బాత్రూమ్ తలుపు అడుగు ఉబ్బిందేమో చెయ్యి పెట్టి చూస్తాను. కరెంటు మీటరు మనిషి తల ఎత్తుకి జరిపి, కింద పాత మేకుల బెజ్జాలుంటే అర్థం చేసుకోవాల్సిందే. ఆ తర్వాత ఇంటివాళ్ళని కాదు, ఆ వీధిలో కొట్టాయన్ని అడుగుతాను. కిందటేడు కండ్రికలో ఒక ఇల్లు చూసి, ఎదురుగా కిరాణా కొట్లో అరకిలో పంచదార కొన్నాను.

"బాబాయ్ గారూ, ఆ వరదకి మీ కొట్లోకి నీళ్ళొచ్చాయా?"

"రాకపోవడమేంటమ్మా." వెనక్కి తిరిగి చేత్తో చూపించాడు. "ఇదిగో, ఈ సర్ఫు ప్యాకెట్ల అర దాకా. కింద మూడు అరలూ పోయాయి. బియ్యం బస్తాలు లెక్కలేదు."

"ఆ ఎదురిల్లు కొంచెం ఎత్తు మీద ఉంది కదా, వాళ్ళకి రాలేదంటున్నారు."

ఆయన పంచదార పొట్లం కట్టడం ఆపి నన్ను చూశాడు. "ఎత్తే. మంచాల మీదకి రాలేదు."

అంటే ఆ పేటల్లో ఉండొద్దా? అలా అనను. మొదటి అంతస్తు, ఆపైన దొరికితే ఉండొచ్చు, ఊళ్ళో తక్కువ అద్దెలు అక్కడే. బండి ఎక్కడ పెట్టుకుంటారో మాత్రం ఆలోచించుకోండి. నది వైపు కృష్ణలంక, రాణిగారితోటల్లో రిటైనింగ్ వాల్ కట్టాక ధైర్యం వచ్చింది. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినా ఆ గోడ కాసింది. అక్కడ కూడా గోడకి ఇవతల ఉన్నామా అవతల ఉన్నామా చూసుకోండి.

ఇంట్లోకి వెళ్ళాక

రెండుసార్లు వెళ్ళండి. ఒకసారి పొద్దున్న ఆరింటికి, ఒకసారి రాత్రి ఎనిమిదింటికి. మధ్యాహ్నం పన్నెండింటికి చూసిన ఇల్లు అందరికీ నచ్చుతుంది, వెలుతురుంటుంది, చప్పుడుండదు.

పొద్దున్న కుళాయిలన్నీ ఒకేసారి తిప్పండి, వంటింట్లో ధార సన్నబడితే పై ట్యాంకు సంగతి తెలుస్తుంది. బాత్రూమ్‌లో చెంబుడు నీళ్ళు కుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. మా రెండో ఇంట్లో అవి గుమ్మం వైపు వచ్చేవి. రెండేళ్ళు గోనెసంచి వేసుకుని బతికాం. ఫ్రిజ్ పెట్టే చోట ప్లగ్గు ఉందో లేదో చూడండి, వంటగట్టు మీద నుంచి వైరు లాగాల్సి వస్తే రోజూ తిట్టుకుంటారు.

పై అంతస్తయితే రాత్రి వెళ్ళినప్పుడు పడమటి గోడకి అరచెయ్యి ఆనించండి. ఎనిమిదింటికి కూడా వెచ్చగా ఉంటే, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఆ గది పొయ్యే. ఏసీ పెడతారు, శ్లాబు 225 దాటుతుంది, కరెంటు వరస మళ్ళీ రాయాలి. టాప్ ఫ్లోర్ వెయ్యి తక్కువకి ఇస్తున్నారని సంబరపడిన మా కొట్టు డ్రైవరు రెండు వేసవులకి ఆ వెయ్యిని ఏసీకి కట్టేశాడు.

ఇక వాళ్ళు మనల్ని చూసే చూపు. "మీరేవిట్లు?" అని అడుగుతారు. ఊరి పేరు, ఇంటిపేరు అడిగి చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. "నీసు వండుతారా?" "మగదిక్కెవరూ లేరా?" బ్యాచిలర్ కుర్రాళ్ళకైతే గేటు దగ్గరే సమాధానం. ఒకావిడ మా అమ్మ మెళ్ళోకి చూసి, సాయంత్రం ఫోన్ చేసి "ఎవరికో మాట ఇచ్చేశామమ్మా" అంది. వాదించి ఆ ఇంట్లో దిగినా రోజూ ఆ చూపు కిందే బతకాలి. నేను అలాంటి పేజీకి అడ్డంగా గీత కొట్టి ముందుకి పోతాను. కోపం రాదని కాదు. ఒక్క లాభం, ఆ ప్రశ్నలు గుమ్మంలోనే వస్తే సగం రోజు మిగులుతుంది. కుర్రాళ్ళు మాత్రం ఓనరు ఆ బిల్డింగులో ఉండని ఫ్లాట్లు చూసుకోండి, తేలిగ్గా పని అవుతుంది.

కాగితం

అడ్వాన్స్ రెండు నెలలకి మించి నేను ఎప్పుడూ ఇవ్వలేదు. ఫోన్ పే చేసి, మెసేజ్‌లో "ఇంటి అడ్వాన్స్" అని రాయండి. చేతికి ఇస్తే సంతకం తీసుకోండి, మొహమాటపడకండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఎంత పట్టుకుంటారో ఇప్పుడే తేల్చి అగ్రిమెంట్లో రాయించండి. అక్కడే గొడవలొస్తాయి.

అగ్రిమెంటు పదకొండు నెలలకి ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటే లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని అందరూ అనుకుంటారు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఇద్దరూ పదకొండు అంటారు. ఏడాదికి అద్దె ఎంత పెంచుతారో శాతంలో రాయించుకోండి. "చూద్దాం లెండి" అనే మాట అయిదొందల నుంచి పదిహేనొందల దాకా ఎంతైనా అవుతుంది. ఖాళీ చేయమనడానికి, మనం వెళ్ళిపోతామని చెప్పడానికి ఇద్దరికీ నెల గడువు. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి చట్టంలో పదిహేను రోజుల నోటీసే ఉంది. పెళ్ళిళ్ళ కాలంలో పదిహేను రోజుల్లో ఇల్లు దొరకదు.

అగ్రిమెంటు ఎందుకులే, నోటిమాట చాలనుకునే రకాన్నే నేనూ. వరద తర్వాత ఆ ఇంట్లో ఉంటున్నది మేమేనని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. కరెంటు బిల్లు ఇంటాయన పేరు మీద, నా ఆధార్ మీద ఊరి అడ్రసు, గ్యాస్ బుక్కు తడిసి ముద్దయింది. నాలుగుసార్లు తిరిగాను. ఇప్పుడు అగ్రిమెంటు ఒక కాపీ కొట్లో, ఒకటి బీరువా పై అరలో.

సామాను దించే రోజు, మొదటి అట్టపెట్టె లోపలికి వెళ్ళకముందే మీటరు రీడింగ్ ఫొటో తీసి ఇంటివాళ్ళకి వాట్సాప్ చేయండి. గోడల పగుళ్ళు, విరిగిన గొళ్ళేలు, పోయిన టైల్సు వీడియో తీయండి. బండివాడితో బేరం సామాను మొత్తం చూపించాకే ఆడండి, అంతస్తు కూడా చెప్పి. "అన్నీ చిన్న సామాన్లేనండి" అని ఫోన్లో చెప్పి పిలిస్తే, బీరువా చూశాక ఇంకో అయిదొందలంటాడు. కానూరు ఇంటికి దిగినప్పుడు మావాళ్ళు దాన్ని లిఫ్ట్‌లో పెట్టి చూశారు, నాలుగు వేళ్ళ తేడాతో పట్టలేదు. మెట్ల మీదే వచ్చింది.